అనుమతించదగిన తేడా

మరమ్మతు చేసిన కాటాని మళ్ళీ తనిఖీ చేయించి ముద్ర వేయించకుండా వాడకంలో పెట్టడం నేరం. కొండవేటిపాలెం కొలతల తనిఖీ కార్యాలయంలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసే యలమందరావు ఈ ముక్కని పద్దెనిమిదేళ్ళుగా కిరాణా కొట్లలో, చేపల బజారులో, పత్తి మిల్లుల దగ్గర చెప్పి చెప్పి అరిగిపోయాడు. కాటా బాగు చేయించుకున్నావా, మంచిది. ముద్రేదీ? ముద్ర లేకపోతే అది కాటా కాదు, ఇనప సామాను. ఈ మాట అనేటప్పుడు అతని గొంతులో ఒక నిండుదనం వచ్చేది. ఆ నిబంధన ఊరంతా తిరిగి తిరిగి చివరికి తన నడుం దగ్గరికే వస్తుందని అతను కలలో కూడా అనుకోలేదు.

నడుం దగ్గర మొదలైంది రాయి. ఎడమ మూత్రపిండంలో తొమ్మిది మిల్లీమీటర్లు. తొమ్మిది అని ఏ యంత్రంతో కొలిచారో, దానికి ఏటా తనిఖీ ఉందో లేదో నొప్పితో మెలికలు తిరుగుతూనే కనుక్కున్నాడు యలమందరావు. డాక్టరు ఫణీంద్ర లేజరుతో రాయిని పొడి చేసి, మూత్రం సాఫీగా దిగడానికి లోపల ఒక సన్నటి గొట్టం పెట్టాడు. దాని పేరు డీజే స్టెంటు. నాలుగు వారాల తర్వాత తీసేస్తానని చెప్పి, అందాకా రోజుకొక మాత్ర వేసుకోమన్నాడు. ఇంటికి పంపేటప్పుడు గొంతు కాస్త తగ్గించాడు.

“ఇంకోటండీ. ఆ గొట్టం ఉన్నన్నాళ్ళూ, ఈ మాత్ర వాడినన్నాళ్ళూ సంసారం విషయంలో కొంచెం తేడా ఉంటది. మనసు పోకపోవచ్చు, నొప్పి రావచ్చు, ఆఖర్న రావాల్సింది బయటికి రాకపోవచ్చు. చాలామందికి ఉండేదే. కంగారు పడమాకండి. గొట్టం తీసేసి మాత్ర ఆపాక నెలా రెణ్ణెల్లలో మామూలైపోద్ది.”

యలమందరావు తలూపాడు. మామూలైపోద్ది అన్న మాట అతని చెవికెక్కలేదు. తేడా అన్న మాట ఒక్కటే ఎక్కింది. ఇన్నేళ్ళ సర్వీసులో ఆ మాట అతను ఎదుటివాళ్ళకి చెప్పడమే గానీ, అతనికి ఎవరూ చెప్పింది లేదు.

ఇంట్లో భార్య నాగమల్లేశ్వరి. ముందుగదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఆఫీసర్ల కాలనీ ఆడవాళ్ళంతా ఆమె దగ్గరికే వస్తారు, ఆమె కుట్టిన జాకెట్టు చంకల దగ్గర పట్టెయ్యదని పేరు. పెళ్ళయి పద్నాలుగేళ్ళు. ఒక్కతే కూతురు. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి ఆ పిల్ల బొమ్మలేసే క్లాసుకి వెళ్ళి నాలుగింటికి వస్తుంది. ఆ రెండు గంటలూ మొగుడూ పెళ్ళాలవి. వీధి తలుపుకి గడియ పడేది, మిషను మీద గుడ్డ కప్పేది. దాని గురించి వాళ్ళిద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు, మాట్లాడుకోవాల్సిన అవసరమూ రాలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటి ఆదివారం రెండు కాగానే యలమందరావు సంచి పట్టుకుని కూరగాయల బజారుకి బయల్దేరాడు. ఆ వేళప్పుడు కొండవేటిపాలెం బజారులో మనుషులు గోనెపట్టాల కింద నిద్రపోతుంటారు తప్ప కూరగాయలు అమ్మరు. నాలుగింటికి ఖాళీ సంచితో తిరిగొచ్చాడు. మరుసటి ఆదివారమూ అంతే. డాక్టరు బరువులెత్తొద్దన్నాడని చెప్పి ముందుగదిలో చాప వేసుకుంటున్నాడు. మల్లేశ్వరి తన ఒళ్ళు చూసుకుని, నన్నే అంటున్నాడు కాబోలని నొచ్చుకుంది. ఆ సంగతి అతనికి తెలియదు. అతనికి తెలిసిందల్లా భయం. ఈ తేడా ఇలాగే నిలిచిపోతే? ఆదివారాలు ఇంక తిరిగి రాకపోతే? ఆ భయం ముందు రాయి నొప్పి ఏపాటిది.

ఆ భయాన్ని లోపల పెట్టుకునే, రెండు వారాల సెలవు ముగించుకుని ఆఫీసుకి వెళ్ళాడు.

అక్కడ ఈలోగా ఒక మార్పు జరిగింది. జిల్లా నియంత్రణాధికారి పురుషోత్తం గారు మూడు రోజుల శిక్షణకి వెళ్ళి, వస్తూ వస్తూ ఒక ఆలోచన తెచ్చుకున్నారు. కొలిచే మనిషి సరిగ్గా లేకపోతే కొలత సరిగ్గా ఎలా ఉంటుంది? మనిషి కూడా ఒక పరికరమే. కాబట్టి పరికరాలకున్న నిబంధనలన్నీ మనుషులకీ వర్తించాలి. ఆలోచనలు ఎప్పుడూ వినడానికి బాగానే ఉంటాయి, వాటికి ఫారాలు అచ్చయ్యేదాకా. దీనికి ఫారం ఏడు అచ్చయింది. పేరు ‘మరమ్మతు అనంతర పునఃపరిశీలన పత్రము’. కాటాల ఫారాన్నే తీసుకుని, పరికరం పేరు అన్న చోట ఉద్యోగి పేరు అని చీటీ అంటించారు. మిగతావి మార్చలేదు. తయారైన సంవత్సరం, గరిష్ఠ సామర్థ్యం, మరమ్మతుదారు పేరు అన్నీ అలాగే ఉన్నాయి. పదకొండో గడిలో ఇలా ఉంది: ‘మరమ్మతు అనంతరం ఏదేని పనితీరులో తేడా కలదా?’

యలమందరావు కలం ఆ గడి దగ్గర ఆగిపోయింది. ఎదురుగా కూర్చున్న సూపరింటెండెంటు దయామణి కళ్ళద్దాల మీదుగా చూసింది.

“లేదు అని రాసి పడెయ్యండి యలమందరావు గారూ. ఎవురు చూడొచ్చారు?”

“ఆసుపత్రి కాగితంలో ఉందండీ. అది జతపరచమన్నారు గదా. రెండూ కలవకపోతే తప్పుడు ప్రకటన కిందికొస్తది.”

తప్పుడు ప్రకటన చేశారని అతను తన చేతుల మీదుగా ఎన్ని కొట్లకి నోటీసులిచ్చాడో లెక్కలేదు. అలాంటి మనిషి లేదు అని రాయలేకపోయాడు. ‘కలదు. తాత్కాలికము’ అని రాసి సంతకం పెట్టాడు. నిజాయితీ ఉన్నవాడికి గవర్నమెంటు ఫారం ఇవ్వకూడదు.

ఆసుపత్రి కాగితం ఇంగ్లీషులో ఉంది. జతపరిచే కాగితాలన్నీ తెలుగు చేయాలని ఇంకో ఉత్తర్వు. దయామణి నిఘంటువు ముందేసుకుని గంటసేపు కష్టపడింది. ‘ఎడమ పక్క డీజే పెట్టడమైనది. నాలుగు వారములకు తీసివేయబడును. అంతవరకు దాంపత్య పనితీరులో తేడా ఉండవచ్చును’ అని తేలింది. ఫైలు లోపలికి వెళ్ళింది. పావుగంటలో యలమందరావుకి పిలుపొచ్చింది.

పురుషోత్తం గారు మామూలు తెలుగులో మాట్లాడడం మానేసి చాలా కాలమైంది. ఇంట్లో కూర బాగుందని చెప్పాల్సి వచ్చినా ‘సంతృప్తికరముగా ఉన్నది’ అంటారని ప్రతీతి.

“ప్రభుత్వ ప్రాంగణములలో డీజేలు నిషేధింపబడినవన్న సంగతి తమకు తెలియదా? సదరు డీజే ప్రస్తుతం ఎక్కడ ఉన్నది?” అన్నారాయన.

“లోపలుందండీ.”

“కార్యాలయము లోపలనా?”

“నా లోపలండీ.”

పురుషోత్తం గారు బల్ల మీదుగా ముందుకి వంగి చెవి పెట్టారు. “శబ్దము ఏమైనా వెలువడుచున్నదా?”

“లేదండీ. సన్నటి గొట్టమండీ అది.”

“అయినచో దానిని పక్కన పెడుదము. పదకొండవ గడికి రండి. తేడా కలదని వ్రాసినారు. ఎంత?”

“ఎంతంటే ఏం చెప్పనండీ.”

“పద్దెనిమిది సంవత్సరముల అనుభవము గలవారు అడుగవలసిన ప్రశ్న కాదిది. శాతములో చెప్పవలెను. ఎక్కువ వైపా, తక్కువ వైపా?”

“తక్కువ వైపేనండీ,” అన్నాడు యలమందరావు, నేలకేసి చూస్తూ.

“అనుమతించదగిన తేడాకు లోపలనా, వెలుపలనా?”

ప్రతి కొలతకీ కొంత తేడాని చట్టం ఒప్పుకుంటుంది. కాటాకైతే ఇన్ని గ్రాములు, లీటరు కొలతకైతే ఇన్ని చుక్కలు అని పట్టిక ఉంటుంది. పురుషోత్తం గారు ఆ పట్టిక తెప్పించి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వేలితో వెతికారు. కిరసనాయిలు ఉంది, బంగారం ఉంది, ఇసుక ఉంది. కావలసింది లేదు.

“పట్టికలో లేనిది అనుమతింపబడదు,” అని పుస్తకం మూసేశారు. “పునఃపరిశీలన పూర్తియగు పర్యంతము తమరు తిరస్కృత పరికరములతో పాటు ఉండవలెను.”

తిరస్కరించిన కాటాలన్నీ ఆఫీసు వెనక జప్తు గదిలో ఉంటాయి. ప్రతిదానికీ ‘ఉపయోగమునకు తగదు’ అని ఎర్ర అట్టముక్క వేలాడుతుంటుంది. యలమందరావు బల్లని అక్కడికి చేర్చారు. అటెండరు మస్తాన్‌వలీ పురికొస కట్టిన అట్టముక్క పట్టుకొచ్చి నీళ్ళు నమిలాడు.

“ఏవనుకోమాకండి సార్. బల్లకి కడితే బల్లని తిరస్కరించినట్టు అయిద్దంట. చొక్కా గుండీకి కట్టమన్నారు.”

“కట్టు వలీ. నీ తప్పేముంది?”

మూడో రోజున కిరాణాకొట్టు పిచ్చయ్య శెట్టి తన కాటా కోసం వచ్చాడు. నెల క్రితం దానికి అట్టముక్క కట్టింది యలమందరావే. శెట్టి గదిలోకి తొంగిచూసి, కాటా మీది అట్టనీ, చొక్కా మీది అట్టనీ మార్చి మార్చి చదివాడు.

“మీదెంత తేడా వచ్చిందండీ?”

“శాతం ఇంకా తేల్లేదు శెట్టిగారూ.”

“నాది ముప్ఫై గ్రాములు. ముల్లు బిగిస్తే సరిపోయింది,” అని శెట్టి పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఒక కాటా తోటి ఇంకో కాటా మాట్లాడినట్టు కాసేపు ఇద్దరూ లోకాభిరామాయణం చెప్పుకున్నారు. పోతూ పోతూ శెట్టి గుమ్మం దగ్గర ఆగాడు. “అసలేందండీ జబ్బు?” యలమందరావు సగం చెప్పి సగం మింగాడు. శెట్టి మిగతా సగం తనే అర్థం చేసుకుని, మర్నాడు రాళ్ళకి మంచిదని అరటి దవ్వ రసం సీసాలో పోసి పంపాడు. ఎవరి కొట్టు మీదకైతే పదేళ్ళుగా దండెత్తాడో ఆ మనిషి అలా చేసేసరికి యలమందరావుకి కళ్ళు చెమ్మగిల్లాయి. రసం వగరుగానే ఉంది.

నాలుగో వారంలో స్టెంటు తీశారు. ఆ పూట ఒక్కడే వెళ్ళొచ్చాడు. డాక్టరు ‘మాత్ర ఇంక ఆపెయ్యండి’ అన్నాడు, యలమందరావు అడగాల్సింది అడగలేక నమస్కారం పెట్టి వచ్చేశాడు. అట్టల లెక్కన కొనడంతో మాత్రలు ఇంకా పదిహేను మిగిలాయి. వాడి పారెయ్యడం మంచిదనుకుని వేసుకుంటూనే ఉన్నాడు.

డీజే తీసేశారని తెలియగానే పురుషోత్తం గారు ముగ్గురు సభ్యుల సాంకేతిక సంఘాన్ని వేశారు. ఆయన అధ్యక్షులు, దయామణి కార్యదర్శి, మస్తాన్‌వలీ ముద్రల పెట్టె మోసే సభ్యుడు.

మొదటి సమావేశంలోనే చిక్కొచ్చింది. మరమ్మతు తర్వాతి రీడింగుని దేనితో పోల్చాలి? మరమ్మతుకి ముందు రీడింగు ఎవరూ రాసి పెట్టలేదు. యలమందరావుని అడిగితే, అలాంటిది రాసుకోవాలని తెలియదండీ అన్నాడు. అందుకని కార్యాలయంలోని ఇరవై ముగ్గురు మగ ఉద్యోగుల చేత ‘వారమునకు ఎన్ని పర్యాయములు’ అన్న గడి నింపించి సగటు తీయాలని తీర్మానించారు. పేర్లు అక్కర్లేదన్నారు గానీ అందరూ పేర్లు రాసే ఇచ్చారు. దయామణి సగటు తీసింది. పదకొండున్నర వచ్చింది. పైనెల రిటైరయ్యే మస్తాన్‌వలీ ‘రోజుకు రెండు, సెలవు దినములలో అదనము’ అని రాశాడు. ఒక జూనియర్ అసిస్టెంటుకి పెళ్ళే కాలేదు, అతను పద్నాలుగు రాసి ‘సుమారుగా’ అని చేర్చాడు. యలమందరావు కాగితం మీద ఒకే అంకె ఉంది. ఒకటి, ఆదివారం.

“ఈళ్ళు రాసిందే నిజమైతే పొద్దున పదింటికి ఆఫీసుకి ఎట్టా రాగలుగుతున్నారో నాకర్థం కాలేదండీ,” అంది దయామణి.

పురుషోత్తం గారు సగటు పక్కన ఒకటిని పెట్టి చూశారు. “అనగా సదరు ఉద్యోగి మరమ్మతుకు పూర్వము నుండియే తక్కువ తూగుచున్నాడు.”

“మిగతావాళ్ళు ఎక్కువ తూగుతున్నారేమోనండీ,” అంది దయామణి.

అది ఆయనకీ అనుమానంగానే ఉంది. బాగా ఆలోచించి, ప్రామాణికమైన తూకపు రాయి సగటుతో తయారు కాదని, అది ఒక్కటే ఉండాలని, ఉన్నత స్థానంలో భద్రపరచి ఉండాలని తేల్చారు. జిల్లాలో ఉన్నత స్థానం ఆయనదే. తన సొంత అంకెని కాగితం మీద రాసి, మడిచి, కవరులో పెట్టి, లక్క ముద్ర వేసి బీరువాలో దాచారు. ఇకమీదట ఈ జిల్లాకి అదే ప్రామాణికం.

అన్నీ తేలాక దయామణి కలం ఎత్తింది. “పరిశీలన అయ్యాక ముద్ర వెయ్యాలి గదండీ.”

“తప్పనిసరిగా వేయవలెను.”

“ఎక్కడ వెయ్యాలండీ?”

మస్తాన్‌వలీ తన చేతిలోని ఇనప ముద్రనీ, సుత్తినీ చూసుకుని పెట్టె మూత వేశాడు.

“ఆ అంశముపై మార్గదర్శకములు కోరుచు పై కార్యాలయమునకు వ్రాయుడు,” అన్నారు పురుషోత్తం గారు. “ఈలోగా వినియోగదారు వాంగ్మూలము సేకరించుదము.”

కొలతల శాఖకి వినియోగదారుడే దేవుడు. కాటా సరిగ్గా ఉందో లేదో కాటాని అడిగితే ఏం లాభం, సరుకు కొన్నవాళ్ళని అడగాలి. ఆ శుక్రవారం రిజిస్టరు పోస్టులో మల్లేశ్వరి పేరిట నోటీసు వచ్చింది. సాయంత్రం యలమందరావు ఇంటికొచ్చేసరికి మిషను ఆగి ఉంది. ఆమె ఒళ్ళో కాగితం ఉంది. అతను చెప్పులు విప్పకముందే ఆమె చదవడం మొదలుపెట్టింది.

“శ్రీమతి నాగమల్లేశ్వరి, వినియోగదారు, గారికి. విషయము, యలమందరావు అను పరికరము యొక్క దాంపత్య పనితీరులో మరమ్మతు అనంతరం ఏర్పడిన తేడా గురించి. తమకు అందుచున్న సేవ యొక్క పరిమాణము, నాణ్యత, సమయపాలనలపై వాంగ్మూలమునకు సిద్ధముగా ఉండవలెను. ప్రామాణికముగా జిల్లా నియంత్రణాధికారి వారి రీడింగు స్వీకరింపబడినది. ఇదిగాక, మా శాఖ వారి వినియోగదారు వాణి నుండి ఫోను వచ్చినప్పుడు తగిన అంకెను నొక్కవలెను.” ఆమె కాగితం మడిచింది. “ఏందండీ ఇది?”

యలమందరావు గోడకానుకుని నేల మీద కూర్చుండిపోయాడు. చొక్కా గుండీకి అట్టముక్క ఇంకా వేలాడుతూనే ఉంది. ఇన్నాళ్ళూ ఇంటి మలుపులో విప్పి జేబులో పెట్టుకునేవాడు, ఆ రోజు మర్చిపోయాడు. డాక్టరు చెప్పిన దగ్గర్నుంచి కూరగాయల సంచి దాకా అంతా చెప్పాడు.

మల్లేశ్వరి అంతా విని, లేచి మంచినీళ్ళు తెచ్చి అతని చేతిలో పెట్టింది. అప్పుడు అరిచింది.

“నాకు చెప్పడానికి సిగ్గయింది. ముగ్గురు మెంబర్ల కమిటీకి చెప్పడానికి మాత్రం కాలా? నేనేమో లావైపోయానని, నేనంటే మొహం మొత్తిందని, నెల రోజుల నుంచి సాయంత్రం టిఫిను మానేసి చస్తన్నా.”

“నువ్వు లావేంది మల్లేశ్వరీ. నేనే తేడా అయిపోయా.”

“ఎవురన్నారు? పురుషోత్తం గారా?” ఆమె పక్కనే కూలబడి, గుండీకి కట్టిన పురికొసని కత్తెరతో కత్తిరించింది. “నేను ఏ జాకెట్టు కుట్టినా లోపల అంగుళం గుడ్డ వదుల్తా, ఎందుకో తెలుసా? ఒళ్ళన్నాక మారుద్ది. కాన్పుకి మారుద్ది, జొరానికి మారుద్ది. మారినప్పుడల్లా జాకెట్టు పారేస్తామా? కుట్టు విప్పి వదులు చేస్తాం, మళ్ళీ బిగిస్తాం. నాకు కాన్పయినాక ఆర్నెల్లు మీరు ఏమన్నా అట్ట కట్టారా?”

కట్టలేదు. ఆ ఆర్నెల్లూ అతను పిల్లని భుజానేసుకుని వీధిలో తిప్పేవాడు. అది గుర్తొచ్చి యలమందరావు ఏడ్చాడు. ఆమె ఏడవనిచ్చింది.

మర్నాడు ఇద్దరూ కలిసి ఆసుపత్రికి వెళ్ళారు. మల్లేశ్వరి కుర్చీలో కూర్చుని, జాకెట్టు చేతుల పొడవు అడిగినంత మామూలుగా అన్నీ అడిగేసింది. డాక్టరు ఫణీంద్ర మాత్రల అట్ట చూసి నెత్తి కొట్టుకున్నాడు.

“ఇవి ఆపెయ్యమన్నా గదండీ. సగం తేడా వీటిదే. నాలుగు రోజుల్లో తెలుస్తది మీకే. మిగతా సగం గొట్టంది, అది తీసేశాం. మిగిలింది మీ భయం.” అని ఆమె వైపు తిరిగాడు. “అమ్మా, మీరొక్క సాయం చెయ్యండి. ఈయన్ని కొన్నాళ్ళు ఎవరూ కొలవకుండా చూడండి.”

కొలవకుండా చూడడమంటే ఆఫీసుకి పంపకపోవడమే. మల్లేశ్వరి డాక్టరు చేత ఇంకో రెండు వారాల సెలవుకి కాగితం రాయించింది. మొదటి ఆదివారం రెండింటికి ఆమె కూరగాయల సంచిని బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆ మధ్యాహ్నం ఇద్దరూ మాట్లాడుకుంటూ పడుకున్నారు, అంతే. పద్నాలుగేళ్ళలో మాట్లాడుకోనివన్నీ మాట్లాడుకున్నారు. నాలుగింటికి కూతురొచ్చి తలుపు కొట్టేదాకా టైం తెలియలేదు.

రెండో ఆదివారం మధ్యాహ్నం రెండుంబావుకి వీధి తలుపు కొట్టారు.

ఆ కొట్టుడు యలమందరావుకి బాగా తెలుసు. మూడు సార్లు కొట్టి, ఒక క్షణం ఆగి, మళ్ళీ మూడు. ఆకస్మిక తనిఖీకి వెళ్ళినప్పుడు కాటా కింద అయస్కాంతం తీసేసే సందు ఇవ్వకుండా కొట్టే పద్ధతి అది. కొత్తగా చేరినవాళ్ళకి నేర్పింది అతనే. అతను లోపలి గదిలో దుప్పటి మెడదాకా లాక్కున్నాడు. మల్లేశ్వరి లేచి చీర సర్దుకుని, జుట్టు ముడేసుకుని, అలవాటు కొద్దీ టేపు మెడలో వేసుకుని వెళ్ళి తలుపు బెత్తెడు తెరిచింది.

అరుగు మీద పురుషోత్తం గారు, వెనక ఫైలుతో దయామణి, మెట్టు కింద ముద్రల పెట్టెతో మస్తాన్‌వలీ ఉన్నారు.

“ఆకస్మిక తనిఖీ,” అన్నారు పురుషోత్తం గారు. “సదరు ఉద్యోగి గృహమందు ఉన్నాడా?”

“ఉన్నారండీ. పన్లో ఉన్నారు.”

“సెలవులో ఉన్నవానికి పని ఏమి?”

“ఆదివారం పనండీ.”

దయామణి ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుని వీధిలో పోయే ఆటో వైపు చూసింది. పురుషోత్తం గారికి విషయం అందలేదు. “అయినచో పరికరమును పరిశీలించి, వినియోగదారుగా తమ వాంగ్మూలమును నమోదు చేసుకొందుము,” అని ఒక కాలు గడప మీద పెట్టారు.

మల్లేశ్వరి తలుపు ఆ బెత్తెడు దాటి తియ్యలేదు.

“ఇస్తానండీ, ఎందుకివ్వను. కాకపోతే ఒక డౌటు. తనిఖీ వాళ్ళు ఇంటికొస్తే, వాళ్ళు తెచ్చిన తూకపు రాయికి ముద్ర ఉందో లేదో ముందు చూసుకోమని మా ఆయన పద్నాలుగేళ్ళ నుంచి నా బుర్ర తింటన్నాడు. ఆ రాయిని సరిచూసే పెద్ద రాయిని కూడా ఏడాదికోసారి సరి చూపించాలంట గదా.”

“నిస్సందేహముగా. అది చట్టము.”

“మరి ఇందులో పెద్ద రాయి మీదేనని నోటీసులో రాశారు. మీ రాయి సరి చూసిందెవరండీ?”

పురుషోత్తం గారు గడప మీది కాలు కొంచెం వెనక్కి తీసుకున్నారు. “ఆ రీడింగు లక్క ముద్రతో భద్రపరచబడినది. రహస్యము.”

“మీకు రహస్యమైతే మీ ఇంట్లో వినియోగదారుకి కూడానా అండీ? ఇందుమతి గారు జాకెట్లు నా దగ్గరే కుట్టిస్తారు. మొన్న కొలతలిస్తా గంటసేపు కూర్చున్నారు. మంచి మనిషండీ, ఏదీ దాచుకోరు. ఫోన్ చెయ్యమంటారా? ఆ కవర్లో ఎంత రాశారో మీరు చెప్పండి, ఆమె ఎంతంటారో నేనడుగుతా. రెండూ కలిస్తే లోపలికి రండి.”

మల్లేశ్వరి ఫోను చేతిలోకి తీసుకుంది. దయామణి ఫైలు తెరిచి, కలం మూత తీసి, రాసుకోవడానికి సిద్ధంగా నిలబడింది. ఆమె అంత శ్రద్ధగా నిలబడడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

“వద్దమ్మా,” అన్నారు పురుషోత్తం గారు. చాలా ఏళ్ళ తర్వాత ఆయన నోట మామూలు తెలుగు వచ్చింది. “ఫోనెందుకులే. మీరు... ఆయన్ని రెస్టు తీసుకోమనండి.”

“ఫైల్లో ఏం రాయమంటారండీ?” అంది దయామణి.

ఆయన గొంతు సవరించుకుని మళ్ళీ ఆఫీసరైపోయారు. “అనుమతించదగిన తేడాగా పరిగణించి ముగించడమైనది అని వ్రాయుడు. ఫారం ఏడును కూడ ఉపసంహరించుదము. బీరువాలోని కవరును నేనే స్వయముగా నాశనము చేసెదను.”

“ముద్రండీ?” అన్నాడు మస్తాన్‌వలీ మెట్టు కింద నుంచి.

“అక్కరలేదు.”

ముగ్గురూ వెళ్ళిపోయారు. మల్లేశ్వరి గడియ పెట్టి, మిషను మీద గుడ్డ సరిగ్గా కప్పి, మెడలో టేపు తీసి దాని మీద పడేసి లోపలికి వచ్చింది. యలమందరావు దుప్పటిలోంచి తల బయటపెట్టాడు.

“ఇందుమతి గారు నిజంగా చెప్పారా?”

“ఏంది చెప్పేది? మెడ వెనక లోతు ఎంత పెట్టాలో చెప్పింది. జరగండి.”

యలమందరావు నవ్వాడు. నవ్వుతుంటే పక్కలో నొప్పి రాలేదు. గొట్టం లేదు, మాత్ర లేదు, అట్ట లేదు. ముఖ్యంగా ఎవరూ కొలవడం లేదు. ఆ తర్వాత సంగతి నోటీసులో అడిగారు గానీ ఇక్కడ రాయడం లేదు.

నాలుగింటికి పది నిమిషాలుందనగా దిండు కింద మల్లేశ్వరి ఫోను మోగింది. ఫారం ఉపసంహరించారు గానీ, ఫోన్లు చేసే యంత్రానికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. ఆమె స్పీకరు నొక్కింది. సన్నటి ఆడగొంతు ఒకటి, ఎక్కడా విరుపు లేకుండా మాట్లాడింది.

“నమస్కారం. వినియోగదారు వాణికి స్వాగతం. మీకు అందిన సేవతో మీరు సంతృప్తి చెందినట్లయితే ఒకటి నొక్కండి. చెందనట్లయితే రెండు నొక్కండి. మరోసారి కావాలనుకుంటే తొమ్మిది నొక్కండి.”

పద్దెనిమిదేళ్ళుగా యలమందరావు తనిఖీ చేస్తుంటే కొట్టువాళ్ళు కాటా ముల్లు వంక ఎలా చూసేవారో, అలాగే అతను ఆమె వేలి వంక చూశాడు. ఆ వేలు ఒకటి మీదికి వెళ్ళింది. అక్కడ కాసేపు ఆగింది. మల్లేశ్వరి గోడ గడియారం చూసి, పిల్ల రావడానికి ఇంకా పది నిమిషాలుందని లెక్క చూసుకుని, తొమ్మిది నొక్కింది.